ఎండిన వాగు మీద ఎర్రజెండా

పోయిన నెల నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు పోతుంటే, శిరివెళ్ళ దాటాక వంతెన ముందర మా బస్సు ఆగింది. దారికి అడ్డంగా ఒక పెట్రోలు ట్యాంకరు నిలబడి ఉంది. దాని డ్రైవరు కిందికి దిగి, బండి వెనక్కి వచ్చి, అడుగున ఉన్న కొళాయి మూతిని వేలితో ఒకసారి తుడిచి, ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి కారుతోందా అని అడిగాను.

"లేదు పెద్దాయనా. ఈడ ఒకసారి ఆపి చూస్కోని పోవాల. మాకు బండి నేర్పినాయన చెప్పినాడు."

"ఈడనే ఎందుకు?"

"ఏమో, నాకేం తెలుసు" అని ఎక్కి పోయాడు.

నాకు తెలుసు. ఆ వేలు ముక్కు దగ్గర పెట్టుకునే తీరు ఒక మనిషిది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన చేతి అలవాటు మాత్రం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో, ఆయన ముఖం కూడా చూడని మనిషి చేతికి వచ్చి చేరింది. మిగతా దారంతా నాకు బస్సులో ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. టికెట్టు దగ్గర కండక్టరుతో రెండు మాటలైనా బేరమాడకుండా దిగనివాణ్ణి, ఆ రోజు మిగిలిన చిల్లర కూడా అడగకుండా దిగిపోయాను.

ఆయన పేరు నాకు తెలుసు కానీ రాయను. పేరు కాగితం మీద ఎక్కడం ఆయనకు గిట్టదు. "నా పేరు ఏ కాయితం మీదన్నా ఎక్కిందంటే, ఎవుడో ఒగడు వచ్చి దానికింద ఏలిముద్ర అడుగుతాడు శెట్టీ" అనేవాడు. అయినా ఒకసారి ఎక్కింది. ఎక్కించినవాణ్ణి నేనే. ఆ పాపానికి ఇప్పుడైనా ఆయన మాట నిలబెడదామని మేస్త్రీ అనే రాస్తాను. రోడ్ల శాఖలో ఆయన గ్యాంగు మేస్త్రీ. వాగు పక్కన రెండు గదుల గ్యాంగు ఇంట్లో భార్యాభర్తలు ఉండేవాళ్ళు.

అప్పటికి అక్కడ వంతెన లేదు. వాగులోకి దిగి, పరిచిన బండల మీదుగా అవతలి గట్టెక్కాలి. దాన్ని చప్టా అంటాం. నల్లమలలో పుట్టి కుందూలో కలిసే వాగు అది. వానాకాలంలో ఎద్దుల్ని బండితో సహా మింగేది. సంక్రాంతి దాటితే సన్నబడేది. ఎండలు ముదిరేసరికి చప్టాకు దిగువన ఒక మడుగు మాత్రం మిగిలేది. చుట్టూ ఎంత దూరం పోయినా నల్లరేగడి నోళ్ళు తెరుచుకొని ఉండేది తప్ప తడి అనేది లేదు. పొద్దున ఆ మడుగు దగ్గరికి ఊళ్ళోని ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. మధ్యాహ్నం గొర్రెలు, పొద్దు వాలితే జింకలు, నెమళ్ళు వచ్చేవి. కొండ మీంచి ఎలుగుబంటి కూడా దిగేదంటారు. వాటి వంతుల్లో ఎప్పుడూ తగాదా చూడలేదు. మా అంగడి ముందర కిరసనాయిలు కోసం నిలబడే జనంలో అంత మర్యాద నేను ఎరగను.

వాగు పొంగినప్పుడు ఎర్రజెండా పట్టుకొని బండ్లను ఆపడం మేస్త్రీ ఉద్యోగం. ఈయన మాత్రం నడివేసవిలో, చప్టా మీద దుమ్ము లేస్తున్నప్పుడు కూడా ఆ జెండా పట్టుకొని నిలబడేవాడు. అన్ని బండ్లనూ ఆపడు. కిరసనాయిలు, పెట్రోలు, నీళ్ళ ఇంజన్లకు పోసే క్రూడాయిలు, ఈ మూడింట్లో ఏ డ్రమ్ము ఉన్నా ఆపుతాడు. ఆళ్ళగడ్డ అంగళ్ళకు ఆ డ్రమ్ములు పంపేది నంద్యాలలో మేము. రైలు వ్యాగన్లలో వచ్చిన సరుకును డ్రమ్ములకెత్తి ఎద్దులబండ్ల మీద తోలించే వ్యాపారం మాది. అంటే ఆయన జెండా ముఖ్యంగా మా ఇంటి మీదే లేచేదన్నమాట.

నా సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. నేను పుట్టినప్పుడు మా నాయన మంత్రసానితో గీసి గీసి బేరమాడాడట. ముగ్గురు ఆడపిల్లల తర్వాత వచ్చినవాణ్ణి గనుక, నన్ను కొసరుగా వేయించుకొచ్చాడని మా అమ్మ అనేది. నడక కన్నా ముందు బేరం నేర్చుకున్నాను. ఇరవై రెండేళ్ళ వయసుకు నేను ఒప్పించలేని మనిషి నంద్యాలలో లేడని నాకు గట్టి నమ్మకం. బండ్లు గంటలకొద్దీ ఆగిపోతున్నాయని ఫిర్యాదులు వస్తే మా నాయన నన్ను పంపింది అందుకే.

మా బండి తోలే ఖాసీమన్నతో కలిసి పోయాను. చప్టాకు ఇవతల తుమ్మచెట్టు కింద సన్నగా, పొడుగ్గా, ఎండుకట్టె లాంటి మనిషి. బండి కనబడగానే జెండా ఎత్తాడు. ఖాసీమన్న చెప్పకుండానే నోట్లో బీడీ తీసి మడమ కింద నలిపాడు. అంటే అలవాటైన తంతన్నమాట.

"ఏంది మేస్త్రీ, వాగులో నీళ్ళు లేవు గదా, జెండా ఎందుకు?" అన్నాను.

"కొంచిమే ఉండాయి. అందుకే" అన్నాడు.

తర్వాత నన్ను పట్టించుకోలేదు. బండెక్కి ఒక్కో డ్రమ్ము బిరడా చుట్టూ వేలు తిప్పి వాసన చూశాడు. అతుకుల మీద వేలు పెట్టి పై నుంచి కింద దాకా లాగి వాసన చూశాడు. ఒక్కో డ్రమ్ముకు ఒక్కో వేలు. వేళ్ళు అయిపోతే మట్టితో రుద్దుకొని, లుంగీకి తుడుచుకొని మళ్ళీ మొదలుపెట్టేవాడు. మూడో డ్రమ్ము దగ్గర ఆగి, "సబ్బు ఉందా?" అని అడిగాడు.

అప్పుడు నాకు విషయం అర్థమయిందనుకున్నాను. మామూలు. కొందరికి దుడ్లు, కొందరికి కల్లు, ఈయనకు సబ్బు. వెంటనే నాలో మా వంశం లేచి కూర్చుంది. బండికొక సబ్బు ఇచ్చుకుంటే మాకు గిట్టదని, నెలకు ఒక బారు సబ్బు ఇస్తామని, దసరాకు ఇంకొకటి కొసరు వేస్తామని, దానికి మా బండ్లన్నీ ఆపకుండా వదలాలని ఒక్క ఊపులో చెప్పేశాను. ఆయన ఓపికగా విన్నాడు. విని, ఖాసీమన్న సంచిలోంచి తీసిచ్చిన వేలెడు సబ్బు ముక్కను మూడో డ్రమ్ము అతుకు మీద అడ్డంగా, నిలువుగా, గోరుతో లోపలికి కుక్కి మరీ రుద్దాడు. నూనెకు సబ్బు కరగదు. సన్నని కారుడు నిలబడిపోయింది. మిగిలిన ముక్క ఖాసీమన్నకు తిరిగిచ్చి, నా వైపు చూడకుండానే, "ఈ శెట్టి ఎవురప్పా, బాగా మాట్లాడతాండాడు" అన్నాడు.

నాకు సిగ్గేయాల్సింది. వేయలేదు. ఇంత గొప్ప సాకు కనిపెట్టినవాడు ఇంకెంత గట్టి బేరగాడో అని గౌరవం కలిగింది.

ఆ తర్వాత రెండు మూడు నెలలు ఆయన మీద నా విద్య అంతా ప్రయోగించాను. ఒకసారి గాజు బుడ్డి లాంతరు తీసుకుపోయాను. చీకటి పడితే పడుకుంటాం, దీపమెందుకన్నాడు. ఇంకోసారి ఖర్జూరాలు. వాటిని అప్పటికప్పుడే ఖాసీమన్నకూ ఎద్దులకూ పంచిపెట్టాడు. పంచె తీసుకుపోతే, ఇది కట్టుకుంటే నిన్నే కట్టుకున్నట్టుంటాది, వద్దులే అన్నాడు. వాళ్ళు క్రైస్తవులు, ఆదివారం ఆయన ప్రార్థనకు పోతాడని కనుక్కొని ఆదివారం పొద్దున బండ్లు తోలించాను. జెండా ఆయన భార్య చేతిలో ఉంది. ఆమె సాయంత్రం ప్రార్థనకు పోతుందట, వంతు. మేస్త్రీ వేలితో వాసన చూస్తే ఆమె డ్రమ్ముకే ముక్కు ఆనించి చూసింది. ఆమెకు నచ్చని డ్రమ్మును బండి మీంచి దింపించింది. ఖాసీమన్న తిరిగొచ్చి, "సోమవారమే మేలు చిన్నశెట్టీ. ఆయన మనిషి" అన్నాడు.

బేరానికి లొంగనివాణ్ణి ఏం చేయాలో మా బజారుకు తెలుసు. అర్జీ పెట్టాలి. ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన కొత్త. ఆఫీసులు దగ్గరికి వచ్చాయి, మా అర్జీలకు కాళ్ళొచ్చాయి. నంద్యాల, ఆళ్ళగడ్డ వ్యాపారులు కలిసి ఒక కాగితం పంపుదామన్నారు. నా దస్తూరి బాగుంటుందని నన్నే రాయమన్నారు. రాశాను. ఫలానా గ్యాంగు మేస్త్రీ వాగులో నీళ్ళు లేని రోజుల్లో కూడా సర్కారు జెండా చూపి బండ్లను ఆపుతున్నాడని, వచ్చే పోయే బండ్ల దగ్గర సబ్బులు వసూలు చేస్తున్నాడని, అతణ్ణి అక్కడి నుంచి తప్పించాలని. సబ్బుల మాట దగ్గర మా నాయన నా భుజం తట్టాడు. ఆ తట్టుడుకు పొంగిపోయి, 'విచ్చలవిడిగా' అనే మాట కూడా చేర్చాను.

అర్జీ పోయింది. వేసవి ముదిరింది. మేం దాన్ని మరిచిపోయాం.

ఇప్పుడు చెప్పబోయే రోజు మధ్యాహ్నం ఎండ మామూలుది కాదు. ఆళ్ళగడ్డలో పెళ్ళి ఒకటి ఉంది, పెట్రోమాక్సు దీపాలకు నూనె తొందరగా కావాలన్నారు. నేనూ బండి వెంట పోయాను. మేస్త్రీ ఆపాడు. బిరడాలు చూశాడు, అతుకులు చూశాడు. అన్నీ పొడిగా ఉన్నాయి. అయినా జెండా దించలేదు. డ్రమ్ము పొట్ట మీద అరచెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు.

"బాగా నిండుగా ఉంది. కాగిపోతాంది. పొద్దు వాలేదాకా చెట్టు కింద పెట్టుకో శెట్టీ."

"కారతాందా?"

"లేదు."

"వాసన ఉందా?"

"లేదు."

"పొడిగా ఉంటే వదలాలనేది నువ్వు పెట్టిందే గదా మేస్త్రీ. నీ మాటే నీకు చెప్తాండా. నువ్వే మాట తప్పితే ఇంక బండోళ్ళు ఎవుర్ని నమ్మాల?"

 మాట మీద నిలబడే మనిషిని ఆ మాటతోనే కొట్టాలని నాకు తెలుసు. జెండా దించాడు. నా జీవితంలో ఎన్నో బేరాలు గెలిచాను. ఓడిపోయి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకునేది ఆ ఒక్కటే.

బండి చప్టా మీద సగం దూరం పోయింది. చక్రం ఒక బండ మీంచి ఇంకో బండ మీదికి దిగి కుదిపింది. ఆ కుదుపుకు వెనక డ్రమ్ము బిరడా తుపాకి పేలినట్టు ఎగిరిపోయింది. నూనె ఎగజిమ్మి, బండి చెక్కల మీంచి బండల మీదికి, బండల సందుల్లోంచి దిగువకు పారింది. దిగువన మడుగు.

మేస్త్రీ కేక వేయలేదు. పరుగెత్తుకొచ్చి ముందుగా ఆ డ్రమ్మును బొర్లకుండా భుజంతో ఎత్తి నిలబెట్టాడు. ఎద్దుల కోసం తెచ్చిన గడ్డినంతా ఖాసీమన్న లాగి నూనె పారే దారిలో విసిరాడు. అంతలో మేస్త్రీ భార్య గంపతో ఇసుక మోసుకొచ్చింది. మడుగుకు ఎగువన పది బారల దూరంలో, దాని నీళ్ళే ఇంకా కొంచెం మిగిలిన చిన్న గుంట ఒకటి ఉంది. దాని గట్టున ఇసుక పోసి అడ్డుకట్ట వేయడం మొదలుపెట్టారు. నాకు గంప లేదు. కొత్త పంచె కుచ్చిళ్ళలో ఇసుక నింపుకొని మోశాను. ఎన్నిసార్లు మోశానో గుర్తులేదు. ఆ రోజు నా జీవితంలో మొదటిసారి ఎదుటివాడు చెప్పిన పనికి ఎదురు మాట చెప్పకుండా చేశాను.

గుంటలోని నీళ్ళు పాడైపోయాయి. అందులో ఉన్న వేలెడు చేపపిల్లలన్నీ తెల్లగా వెల్లకిలా తేలాయి. మడుగు మటుకు నిలబడింది. ఒక మూల రంగురంగుల పొర మాత్రం పాకింది. మేస్త్రీ తలపాగా విప్పి, మొలలోతు నీళ్ళలో దిగి, ఆ పొరను గుడ్డతో అద్ది, గట్టుకు తెచ్చి పిండి, మళ్ళీ దిగి అద్దాడు. పొద్దు వాలేదాకా అదే పని. జింకలు వచ్చే వేళకు పాడైన గుంట చుట్టూ తుమ్మకంప నరికి వేశాడు. జింకలు దూరంగా నిలబడి మమ్మల్ని చూస్తున్నాయి. మేం నలుగురం మడుగు వదిలి చప్టా మీదికి వచ్చి, కదలకుండా కూర్చున్నాం. అప్పుడు వచ్చాయి. ఒకటి నీళ్ళ దగ్గర మూతి పెట్టి తీసింది, మళ్ళీ పెట్టింది. తాగింది. మేస్త్రీ ఊపిరి వదలడం నాకు వినబడింది.

అప్పుడే ఆయన భార్య చెప్పింది. అంతకు రెండేళ్ళ కింద ఒక లారీ మీంచి క్రూడాయిలు డ్రమ్ము జారి పగిలిందట. ఆ మడుగులో జత నీటికుక్కలు ఉండేవట. ఒళ్ళంతా నల్లగా జిడ్డు పట్టి, బొచ్చు అంటుకుపోయి, ఈదలేక బండల మీదికి పాకి వచ్చి ఈయన కళ్ళ ముందరే చచ్చిపోయాయట. "ఆ పొద్దు నుంచి ఈయన వాసన చూడబట్టినాడు. తెల్లారితే ముందు మడుగు నీళ్ళు నాలిక మీద ఏస్కుంటాడు. అన్నం కూడా ఆనక" అంది.

 తప్పు నాదని చెప్పడానికి నోరు తెరిచేలోపు మేస్త్రీయే అన్నాడు. "తప్పు నాది శెట్టీ. పొడిగా ఉందని వదిలితి. కడుపు చూళ్ళేదు."

"కడుపేంది?"

"గొంతు దాకా తాగినోడు ఎండలో నడిస్తే ఏమైతాడు? కక్కుతాడు. డ్రమ్ము గూడ అంతే. మూతి దాకా ఎందుకు పోస్తారు? నాలుగు వేళ్ళ మందం ఖాళీ పెట్టండి. నూనె కాగితే ఆడికి పొంగుతాది, బయటికి రాదు."

ఎందుకు పోస్తామంటే, అది మా పరువు. ఆళ్ళగడ్డ అంగడివాళ్ళు డ్రమ్ము దింపుకోగానే పై భాగాన వేలి కణుపులతో కొట్టి చూస్తారు. మోగిందంటే తక్కువ పోశారని అర్థం. మా తాత నాటి నుంచి మా డ్రమ్ము మోగలేదు. 'వాళ్ళ డ్రమ్ము మోగదు' అనేది ఆళ్ళగడ్డలో మాకున్న బిరుదు. మేము ఎంత నిజాయితీగా పోస్తే ఆ వాగు మీద అంత విషం పోసినట్టని ఇన్నేళ్ళూ ఎవరికీ తట్టలేదు. తక్కువ పోసే దొంగ వ్యాపారి బండ్లు చక్కగా దాటిపోయాయి, మావి కక్కాయి.

ఇంటికొచ్చి మా నాయనతో చెప్పాను. మడుగు, జింకలు, చేపపిల్లలు అన్నీ విన్నాడు. పాపమే అన్నాడు. డ్రమ్ములో ఖాళీ పెట్టమంటే మాత్రం ఆయన ముఖం మారిపోయింది. "మూడు తరాలుగా మోగని డ్రమ్మును నువ్వు మోగిస్తావా? రేపు ఆళ్ళగడ్డలో నేను తల ఎట్ల ఎత్తుకోవాల్రా?" అన్నాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఎదుటివాణ్ణి ఒప్పించడం నాకు నేర్పిందే ఆయన. ఆయన దగ్గర నా పప్పులు ఉడకవు.

మూడో రోజు అంగట్లో ఒక ఖాళీ డబ్బా కాలికి తగిలింది. నాలుగు వేళ్ళ ఖాళీలో పట్టే నూనె ఎంతో అంత ఆ డబ్బాలో పోసి, మూత అతికించి, డ్రమ్ముతో పాటు పంపితే? డ్రమ్ముకు ఒక తోడు డబ్బా. మోగితే మోగనీ, మోగిన మేరకు సరుకు పక్కనే ఉంటుంది. మా నాయన అటు తిప్పి ఇటు తిప్పి ఆలోచించాడు. ఎక్కడా కొలత తగ్గలేదు. చివరికి, "డబ్బా మూత మీద మన ముద్ర ఎయ్. ఖాళీ ఎందుకు పెట్టినామో చీటీ రాసి అతికించు. దొంగతనం అనుకోకూడదు" అన్నాడు. నేను వాగు దగ్గరికి పోయి చెప్పాను. మేస్త్రీ తోడు డబ్బాను చేతిలో పట్టుకొని చాలాసేపు చూసి, "శెట్టి బుర్ర ఒగసారి వాగుకు గూడ పనికొచ్చింది" అన్నాడు. అంత మెప్పు నాకు పెళ్ళిచూపుల్లో కూడా దక్కలేదు.

సరిగ్గా అప్పుడు కర్నూలు నుంచి అర్జీకి జవాబు వచ్చింది. ఇంజనీరు స్వయంగా వచ్చి విచారణ చేస్తాడట. వ్యాపారులు చప్టా దగ్గర హాజరు కావాలట.  సర్కారు జెండాను సొంతానికి వాడినాడని తేలితే మేస్త్రీ ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే గ్యాంగు ఇల్లు పోతుంది. ఆయన అక్కడ లేకపోతే మడుగు ఒక్క వేసవి కూడా నిలవదు. ఆ అర్జీ రాసిన చెయ్యి ఇదే.

ముందు రోజే పోయి ఆయనకు ఉపాయం చెప్పాను. చప్టా బండలు బేతంచెర్లవి, వాటిని చూసుకోవడం ఆయన పని. బండలు లేచిపోయాయి, బండ్లు విరుగుతాయని ఆపాను అని ఒక్క మాట అంటే చాలు, జెండాకు సర్కారు కారణం దొరుకుతుంది, ఎవరూ ఏమీ అనలేరు. మిగతాది నేను చూసుకుంటానన్నాను. అర్జీ రాసింది నేనేనని కూడా అప్పుడే చెప్పాను. ఆయన ఒకటే అడిగాడు. "సబ్బుల మాట గూడ రాసినావా?" రాశానన్నాను. నవ్వాడు.

మరునాడు సాయంత్రం మేం, పదిమంది వ్యాపారులం, ఉతికిన బట్టలు కట్టుకొని గట్టు మీద నిలబడ్డాం. శిరివెళ్ళ వైపు నుంచి ఇంజనీరు జీపు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. చప్టాలోకి దిగబోతుంటే మేస్త్రీ జెండా ఎత్తాడు.

నా పక్కనున్న మా నాయన, "వీనికి పిచ్చి పట్టిందా?" అన్నాడు. నాకు ఆ క్షణం అట్లాగే అనిపించింది. ఉద్యోగం తీసేసే అధికారం ఉన్న మనిషి జీపును, ఆ జెండా గురించి అడగడానికే వచ్చిన మనిషిని, అదే జెండాతో ఆపాడు. జీపు వెనక చక్రం పక్కన పెట్రోలు డబ్బా ఒకటి తాడుతో కట్టి ఉంది. దాన్ని ఆయన ఎంత దూరం నుంచి చూశాడో మరి.

ఇంజనీరు కోస్తా మనిషి. దిగి, ముక్కు మీద కళ్ళద్దాలు సర్దుకొని, "ఏమిటయ్యా, ఎందుకు ఆపావు? బండలేమైనా లేచిపోయాయా?" అన్నాడు.

దేవుడే ఆయన నోటితో నా ఉపాయం పలికించాడనుకున్నాను. గట్టిగా దగ్గాను. మేస్త్రీ నా వైపు చూశాడు కూడా.

"బండలు బాగుండాయి సార్. నేనే పరిచినా. ఇరవై ఏండ్లకు గూడ కదలవు" అన్నాడు. "నీ డబ్బా కారతాంది."

 మేస్త్రీ డబ్బా మూత చుట్టూ వేలు తిప్పి, ఆ వేలు ఇంజనీరు ముక్కు దగ్గరికి చాపాడు. అంత పెద్ద ఉద్యోగి వంగి, గ్యాంగు మేస్త్రీ వేలు వాసన చూశాడు. తల ఊపాడు. మేస్త్రీ మొలలోంచి సబ్బు ముక్క తీసి మూత అంచున రుద్దడం మొదలుపెట్టాడు. ఇంజనీరు జేబులోంచి మా అర్జీ తీసి, సబ్బు వైపు ఒకసారి, కాగితం వైపు ఒకసారి చూశాడు.

"దీన్ని రాసిందెవరు?"

"నేనే సార్" అని ముందుకు వచ్చాను. 

"నీళ్ళు లేనప్పుడు బండ్లు ఆపుతున్నాడని రాశావు. సబ్బులు వసూలు చేస్తున్నాడని రాశావు. నిజమేనా?"

"అక్షరం తప్పు లేదు సార్. ఆపుతాడు. సబ్బూ అడుగుతాడు. ఎందుకో రాయలేదు. అప్పుడు నాకు తెలీదు. ఆ కాయితం వెనకపక్క ఖాళీ ఉంది, ఇస్తే అదిప్పుడు రాసిస్తా."

ఆయన కాగితం చాపాడు. జీపు ముందు భాగం మీద పెట్టి రాశాను. మా నూనె బండ్లు ప్రతిదీ ఈ చప్టా ముందర ఆగుతాయని, మేస్త్రీ చూసి వదిలితేనే కదులుతాయని, డ్రమ్ముల్లో నాలుగు వేళ్ళ ఖాళీ పెట్టి తోడు డబ్బాతో పంపుతామని, బండికొక సబ్బు ముక్క మేమే పెడతామని, ఇది మా అందరి కోరిక అని. అందరి కోరిక కాదు. ఆ సంగతి నా వెనక నిలబడ్డ తొమ్మిదిమంది ముఖాల్లో కనబడుతోంది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. అప్పుడు మా నాయన వచ్చి, నా చేతిలోంచి కలం తీసుకొని, అడుగున మొదటి సంతకం పెట్టాడు. ఆయన పెట్టాక మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. మా డ్రమ్ము మోగదని పేరున్న ఇంటి సంతకం కింద సంతకం పెట్టనని ఎవరంటారు?

ఇంజనీరు కాగితం చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. ఆజ్ఞ ఏదీ ఇవ్వలేదు. మేస్త్రీని మెచ్చుకోలేదు, మందలించలేదు. జీపెక్కి కూర్చున్నాడు. డ్రైవరు ఇంజను వేశాడు. జెండా ఇంకా దిగలేదు. ఇంజనీరు తల బయటికి పెట్టి అడిగాడు.

"ఇక పోవచ్చా?"

మేస్త్రీ డబ్బా తాడు ఇంకొక చుట్టు బిగించాడు. సబ్బు ఆరిందో లేదో చూశాడు. అప్పుడు జెండా దించాడు.

"పో సార్. నిదానంగా పో. ఆ పక్క నీళ్ళు తాగతాండాయి."

అవతలి గట్టు దగ్గర మడుగు అంచున అయిదారు జింకలు ఉన్నాయి. ఇంజనీరు వాటిని చూసి డ్రైవరు భుజం మీద చెయ్యి వేశాడు. జీపు బండ మీంచి బండ మీదికి, గర్భిణిని మోసుకుపోతున్నట్టు దిగింది. జింకలు తలలెత్తి చూశాయి, చెవులు కదిలించాయి, మళ్ళీ వంగి తాగాయి.